గెలిచినా తీరని వెలితి: అయోవా ఫుట్‌బాల్ అభిమానుల ఆగ్రహానికి మూలమేమిటి?

2022 సెప్టెంబరు 3వ తేదీన అమెరికాలోని అయోవా సిటీ పట్టణంలో ఒక విచిత్రమైన విజయం నమోదైంది. అయోవా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు 7-3 తేడాతో సౌత్ డకోటా స్టేట్ జట్టును ఓడించింది. ఈ ఆటలో ఏడు పాయింట్లంటే సాధారణంగా ఒక టచ్‌డౌన్, దాని వెంట లభించే ఒక కిక్ పాయింటు అని అర్థం. ఆనాడు అయోవా జట్టు ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేకపోయింది. ఒక ఫీల్డ్ గోల్‌తో మూడు పాయింట్లు వచ్చాయి. ప్రత్యర్థి ఆటగాడిని అతని సొంత గీత వెనుకనే పడగొడితే రెండు పాయింట్లిచ్చే నిబంధన ఉంది. అది రెండుసార్లు జరగడంతో నాలుగు పాయింట్లు కలిశాయి. గెలిచింది తమ జట్టే అయినా మైదానంలో కూర్చున్న అభిమానులు తమ జట్టునే ఎగతాళి చేస్తూ కేకలు వేశారు.

గెలిచిన వారిని వారి మనుషులే నిరసించడం మన వారికి వింతగా తోచవచ్చు. ఆ నిరసన వెనుక ఉన్న కథ తెలిస్తే వింత కొంత తగ్గుతుంది.

అయోవా అమెరికా నడిబొడ్డున ఉన్న వ్యవసాయ రాష్ట్రం. కనుచూపు మేర మొక్కజొన్న, సోయాచిక్కుడు చేలు, పందుల పెంపకం, చిన్న చిన్న పట్టణాలు, సుమారు 32 లక్షల జనాభా. ఆ రాష్ట్రంలో పెద్ద వృత్తి ఫుట్‌బాల్ జట్టు ఏదీ లేదు. కనుక విశ్వవిద్యాలయ జట్టే వారి ఇంటి జట్టు. కిన్నిక్ స్టేడియంలో సుమారు 69 వేల మంది కూర్చోవచ్చు. అయోవా సిటీ పట్టణ జనాభా దానికంటే మరీ ఎక్కువేమీ కాదు. ఆటగాళ్ల శిరస్త్రాణాలపై ‘ఏ.ఎన్.ఎఫ్.’ అనే మూడక్షరాల ముద్ర కనిపిస్తుంది. అమెరికాకు రైతులు అవసరం అని దాని భావం. 1985లో అమెరికా రైతాంగం అప్పుల ఊబిలో కూరుకుపోయిన కాలంలో నాటి ప్రధాన కోచ్ హేడెన్ ఫ్రై ఆ ముద్రను ప్రవేశపెట్టారు. 2017 నుండి అక్కడ మరొక ఆచారం నెలకొంది. మొదటి పావు భాగం ఆట ముగియగానే ప్రేక్షకులందరూ లేచి నిలబడి, మైదానం పక్కనున్న పిల్లల ఆసుపత్రి కిటికీల వైపు తిరిగి చేతులూపుతారు. జట్టుకూ జనానికీ మధ్య అంతటి అనుబంధం ఉంది కనుకనే ఆగ్రహం కూడా అంత తీవ్రంగా వచ్చింది.

ఆట తీరు కొంత తెలిస్తే తప్ప అభిమానుల బాధ అర్థం కాదు. మైదానం పొడవు వంద గజాలు. ఇది మన వారు ఇంటి స్థలాలు కొలిచే గజమే. బంతి చేతికి వచ్చిన జట్టుకు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి. సాగగలిగితే మరో నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. మూడు ప్రయత్నాలు విఫలమైతే నాలుగోసారి బంతిని దూరంగా తన్ని ఎదుటివారికి అప్పగించడం పరిపాటి. దీనిని పంట్ అంటారు. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. స్తంభాల మధ్యకు తన్నితే ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు. మన కబడ్డీలో కూతకు వెళ్లేవాడూ ఎదుటివాడిని పట్టేవాడూ ఆ ఏడుగురిలోని వారే. ఇక్కడ అలా కాదు. దాడికి పదకొండు మంది, రక్షణకు వేరే పదకొండు మంది ఉంటారు. ఈ రెండు పక్షాలకు వేర్వేరు కోచ్‌లుంటారు. అందరిపైనా ప్రధాన కోచ్ ఉంటారు. కాబట్టి ఒకే జట్టులో రక్షణ పక్షం సింహంలాగా, దాడి పక్షం పిల్లిలాగా ఉండటం సాధ్యమే. అయోవాలో జరిగింది సరిగ్గా అదే.

ప్రధాన కోచ్ కిర్క్ ఫెరెంట్జ్ 1999 నుండి ఆ పదవిలో ఉన్నారు. ఆయన కుమారుడు బ్రయన్ ఫెరెంట్జ్ అదే జట్టులో ఆడి, వృత్తి జట్టయిన న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌లో పనిచేసి, 2012లో అయోవాకు సహాయ కోచ్‌గా తిరిగి వచ్చారు. 2017లో దాడి పక్షానికి సారథి అయ్యారు. తండ్రి కింద కుమారుడు పనిచేయడం బంధుప్రీతి నిబంధనలకు విరుద్ధం కనుక, కాగితాల మీద బ్రయన్ తండ్రికి కాక విశ్వవిద్యాలయ క్రీడా సంచాలకునికి జవాబుదారీగా ఉండేలా ఏర్పాటు చేశారు. మైదానంలో మాత్రం ఇద్దరూ ఒకే గీత వెంబడి నిలబడేవారు. ఈ ఏర్పాటును చూసి నవ్వనివారు అరుదు.

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది. బ్రయన్ తొలి సంవత్సరంలోనే, 2017 నవంబరు 4న, అయోవా జట్టు బలాఢ్యమైన ఒహాయో స్టేట్‌ను 55-24తో చిత్తు చేసింది. ఆయన దాడి పక్షంలో ఆడిన టి.జె. హాకెన్సన్, నోవా ఫాంట్ ఇద్దరూ 2019లో వృత్తి జట్ల ఎంపికలో మొదటి విడతలోనే ఎంపికయ్యారు. ఆ రోజుల్లో వారసత్వం గురించి గొణిగినవారు తక్కువ. పంట బాగా పండిన ఏడు కౌలు లెక్కలు ఎవరడుగుతారు?

2021 నుండి పరిస్థితి మారింది. ఆ అక్టోబరులో దేశంలో రెండో ర్యాంకుకు చేరిన జట్టు వెంటనే పర్డ్యూ చేతిలో 24-7తో ఓడింది. సంవత్సరాంతంలో బిగ్ టెన్ విజేతను తేల్చే పోటీలో మిషిగన్ చేతిలో 42-3తో కుప్పకూలింది. 2022 మరీ అన్యాయం. దాడిలో సాధించిన గజాల లెక్కన దేశంలోని 131 జట్లలో అయోవాది 130వ స్థానం. మంచి జట్లు ఒక్కో ఆటలో నాలుగు వందల గజాలకు పైగా సాగుతుంటే, అయోవా సగటు సుమారు 252 గజాలు. పాయింట్ల సగటు 17.7. అయినా జట్టు ఎనిమిది ఆటలు గెలిచింది. ఆ ఘనత ఫిల్ పార్కర్ తీర్చిదిద్దిన రక్షణ పక్షానిది.

ఛార్లీ జోన్స్ ఉదంతం అభిమానులను ఎక్కువగా గాయపరిచింది. అయోవాలో అతడు ప్రధానంగా ఎదుటివారు తన్నిన బంతిని పట్టి వెనక్కి పరుగెత్తుకొచ్చే పనిలోనే ఉండేవాడు. 2021 మొత్తంలో దాడిలో అతని చేతికి విసిరిన బంతులలో అతడు అందుకున్నవి 21 మాత్రమే. 2022లో అతడు పర్డ్యూ విశ్వవిద్యాలయానికి మారాడు. ఆ ఒక్క సంవత్సరంలో అతడు అందుకున్న బంతులు 110. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత అయోవా వారి భాషలో లేకపోవచ్చు గాని, దాని బాధ వారికి బాగా తెలిసివచ్చింది. మనవాడి చేతికి బంతి అందించడం మనకెందుకు చేతకాలేదు? ఈ ప్రశ్నకు దాడి కోచ్ తప్ప మరెవరూ జవాబు చెప్పలేరు.

2023 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయం తీసుకున్న చర్య అమెరికా క్రీడాలోకాన్ని నివ్వెరపరిచింది. బ్రయన్ ఒప్పందాన్ని సవరించారు. ఏడాది జీతం 9 లక్షల డాలర్ల నుండి 8.5 లక్షలకు తగ్గింది. రాబోయే సంవత్సరంలో జట్టు కనీసం ఏడు ఆటలు గెలవాలి, ఆటకు సగటున 25 పాయింట్లు సాధించాలి, లేనిపక్షంలో ఒప్పందం ముగుస్తుందని షరతు విధించారు. పదమూడు ఆటలకు లెక్కిస్తే 325 పాయింట్లు. నాటి నుండి ఆ అంకె అయోవా అంతటా మారుమోగింది. వారం వారం ఎన్ని వచ్చాయి, ఇంకెన్ని రావాలి అని ఇంటింటా లెక్కలు కట్టారు. రక్షణ పక్షం వారు బంతి లాక్కుని చేసిన పాయింట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఒకరి జీతానికి మరొకరి శ్రమ పూచీ అన్నమాట. అభిమానుల కోపాన్ని చల్లార్చడానికి పెట్టిన అంకె ప్రతి శనివారం వారి గాయాన్ని మళ్లీ కెలికింది. ఒక శిక్షకుని పనితనాన్ని ఒకే అంకెలో బంధించి బహిరంగంగా వేలాడదీయడం పాలనాదక్షత అనిపించుకోదు.

తొలి ఆటలో యూటా స్టేట్‌పై వచ్చినవి 24 పాయింట్లు. షరతుకు సరిగ్గా ఒకటి తక్కువ! ఆ నెల 23న పెన్ స్టేట్ చేతిలో 31-0 ఓటమిలో అయోవా సాగింది మొత్తం 76 గజాలు. వారం తర్వాత, మిషిగన్ నుండి ఎంతో ఆశతో తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా మోకాలి గాయంతో ఆ సంవత్సరానికి దూరమయ్యాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే దాడిని నడిపించి బంతి విసిరే ఆటగాడు. చేతి బంతి అందుకోవడంలో నమ్మదగిన ఎరిక్ ఆల్, ల్యూక్ లాషే కూడా గాయపడ్డారు. తప్పంతా కోచ్‌దే అనడం కూడా పూర్తి న్యాయం కాదని దీనివల్ల తెలుస్తుంది.

అదే అక్టోబరు 15న ఆ స్టేడియంలోనే విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ జట్టు ఆరుబయట ఒక ఆట ఆడింది. కెయిట్లిన్ క్లార్క్‌ను చూడటానికి 55,646 మంది వచ్చారు. పాయింట్లు ధారాళంగా కురిసే ఆటను అదే పచ్చిక మీద చూసి వెళ్లినవారికి ఫుట్‌బాల్ శనివారాలు మరింత చప్పగా తోచి ఉంటాయి.

ఈ కరువులో వీరుడిగా నిలిచింది ఎవరో ఊహించడం కష్టం. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నుండి వచ్చిన టోరీ టేలర్, బంతిని తన్ని ఎదుటివారికి అప్పగించే పంటర్. 2023లో అతడు 93 సార్లు పంట్ చేసి మొత్తం 4,479 గజాలు తన్నాడు. 1938 నుండి చెక్కుచెదరని కళాశాల రికార్డు దానితో బద్దలైంది. ఆ సంవత్సరపు అత్యుత్తమ పంటర్‌గా రే గై పురస్కారం కూడా అందుకున్నాడు. ‘పంటింగ్ ఈజ్ విన్నింగ్’ అని, అనగా పంట్ చేయడమే గెలవడం అని, ముద్రించిన చొక్కాలు అమ్ముడయ్యాయి. నవ్వులో వేదన కలిసి ఉంది. అతని రికార్డు ఎంత గొప్పదో, దాడి పక్షం 93 సార్లు చేతులెత్తేసిందనడానికి అంతే గట్టి సాక్ష్యం.

అక్టోబరు 21న మిన్నెసోటా చేతిలో 12-10తో ఓటమి ఎదురైంది. చివరి క్షణాలలో కూపర్ డిజీన్ పంట్ బంతి అందుకుని చేసిన టచ్‌డౌన్‌ను, అతని చేతి కదలిక నిబంధనకు విరుద్ధమని రద్దు చేశారు. తొమ్మిది రోజుల తర్వాత, అక్టోబరు 30న, తాత్కాలిక క్రీడా సంచాలకురాలు బెత్ గెట్జ్ కీలక ప్రకటన చేశారు. సంవత్సరాంతంతో బ్రయన్ సేవలు ముగుస్తాయన్నది దాని సారాంశం. అప్పటికి ఎనిమిది ఆటలలో జట్టు ఆరు గెలిచింది, పాయింట్ల సగటు 19.5. కుమారుని మీద వేటు పడిన జట్టును తండ్రి మిగతా వారాలు నడిపించవలసి వచ్చింది. కుమారుడు కూడా తుదివరకు పనిలో కొనసాగాడు.

ఆ తర్వాత జరిగినది మరింత విడ్డూరం. 10-7, 22-0, 15-13, 13-10 తేడాలతో జట్టు వరుసగా నాలుగు ఆటలు గెలిచి బిగ్ టెన్ పశ్చిమ విభాగ విజేతగా నిలిచింది. మరుసటి ఏడు ఆ విభాగాలే రద్దయ్యాయి కనుక పశ్చిమ విభాగపు చివరి విజేత అయోవాయే. ఆపై మిషిగన్ చేతిలో 26-0, 2024 జనవరి 1న టెనెసీ చేతిలో 35-0. చివరి రెండు ఆటలలో ఒక్క పాయింటు లేదు. మొత్తం 14 ఆటలలో 216 పాయింట్లు, సగటు 15.4. గజాల లెక్కన 133 జట్లలో చిట్టచివరి స్థానం. గెలుపులు మాత్రం పది! రక్షణ పక్షపు ఫిల్ పార్కర్‌కు దేశంలోకెల్లా ఉత్తమ సహాయ కోచ్‌కిచ్చే బ్రోయిల్స్ పురస్కారం లభించింది. ఒకే కప్పు కింద అత్యుత్తమమూ అధమమూ కాపురం చేశాయి.

అభిమానులు ఇక్కడ రెండుగా చీలారు. పది ఆటలు గెలిచిన జట్టును తిట్టడం కృతఘ్నత అన్నది ఒక పక్షం వాదన. పొరపాటు చేయకుండా, బంతిని దూరంగా తన్ని, ఎదుటివాడి పొరపాటు కోసం కాచుకునే కిర్క్ పద్ధతి ఇరవై ఏళ్లకు పైగా ఫలించిందని వారు గుర్తు చేశారు. రెండో పక్షం వాదన వేరు. ఇంతటి రక్షణ పక్షం పదేళ్లకోసారి గాని దొరకదు. దానికి ఓ మోస్తరు దాడి తోడైనా జట్టు ఎక్కడ ఉండేదో? ఆ కుర్రాళ్ల కళాశాల ఆట నాలుగైదేళ్లలో ముగిసిపోతుంది. ఒక కుటుంబపు మొహమాటం కోసం ఆ కాలం ఖర్చయిందన్నదే వారి ఆక్రోశం. ఈ రెండో వాదనలోనే బరువు ఎక్కువ. కొడుకు స్థానంలో బయటివాడు ఉండి ఉంటే 2022 చివరనే నిర్ణయం జరిగి ఉండేదని ఆ రాష్ట్రంలో చాలామంది నమ్మారు.

2024 ఆరంభంలో టిమ్ లెస్టర్ కొత్త దాడి కోచ్‌గా వచ్చారు. ఆ సంవత్సరం పాయింట్ల సగటు 27.7కు పెరిగింది. కేలెబ్ జాన్సన్ పరుగులతోనే 1,537 గజాలు సాగాడు. బంతి విసిరే విద్యలో మాత్రం జట్టు వెనుకబడే ఉంది. బ్రయన్ అదే ఏడు మేరీలాండ్ విశ్వవిద్యాలయ జట్టు సిబ్బందిలో చేరారు. తండ్రి తన స్థానంలోనే కొనసాగి, 2025 సెప్టెంబరు 13న మసాచుసెట్స్‌పై 47-7 గెలుపుతో బిగ్ టెన్ చరిత్రలో అత్యధిక విజయాల కోచ్‌గా ఉడీ హేస్‌ను దాటారు.

ఆ రోజు అయోవాకు క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నవాడు మార్క్ గ్రొనోవ్‌స్కీ. మూడేళ్ల క్రితం అదే మైదానంలో 7-3తో ఓడిన సౌత్ డకోటా స్టేట్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్ కూడా అతడే.