అద్దాల ఇంట్లో అడవి

లండన్ నగరం ఇంగ్లండు దేశంలో ఉంది. శీతాకాలంలో అక్కడ బాగా చలి. ఆ చలికి ఆరుబయట అల్లం, మిరియాలు పెరగవు. అయినా ఆ నగరంలో ఒకచోట అవి పచ్చగా పెరుగుతున్నాయి. ఎలాగ?

అక్కడ క్యూ అనే పెద్ద తోట ఉంది. 1759లో అగస్టా అనే రాజకుటుంబపు స్త్రీ దాన్ని మొదలుపెట్టింది. ఆమె గుర్తుగా 1987లో ఆ తోటలో ఒక అద్దాల ఇల్లు తెరిచారు. ఆ ఒక్క ఇంట్లోనే పది రకాల వాతావరణాలు ఉన్నాయి.

అద్దంలోంచి ఎండ లోపలికి వస్తుంది. లోపలి వేడి తొందరగా బయటికి పోదు. అది చాలకపోతే వేరే వేడి పెడతారు. ఏ గదిలో ఎంత వేడి, ఎంత తేమ ఉండాలో కంప్యూటరు చూసుకుంటుంది.

ఎడారి గది

ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది. మన చేల గట్ల మీద నాగజెముడు చూస్తాం కదా! దాని చుట్టాలు ఇక్కడున్నాయి. నాగజెముడు పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే. ఈ మొక్కల ఆకులు ముళ్ళుగా మారాయి. అందువల్ల నీరు ఎక్కువగా ఆవిరైపోదు. కాండం నీళ్ళు దాచుకుంటుంది. ఆకులకుండే సన్నని రంధ్రాలు వీటికి కాండం మీద ఉంటాయి. పగలు అవి మూసుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరుచుకుంటాయి.

వాన అడవి గది

తలుపు తీస్తే చాలు, ఉక్క పోస్తుంది. ఇక్కడ చాలా చెట్లకు ఆకులు వెడల్పు. ఆకు కొస సన్నగా సాగి ఉంటుంది. పడిన నీళ్ళు ఆ కొసనుంచి జారిపోతాయి. ఆకు కుళ్ళదు.

ఇంకోచోట పురుగుల్ని తినే మొక్కలున్నాయి. అవి పుట్టిన నేలలో సత్తువ లేదు. ఆ లోటు పురుగులతో తీర్చుకుంటాయి.

ఈ మొక్కల్ని గదులు మారిస్తే బతకవు. ఎక్కడ పుట్టిన మొక్క అక్కడి ఎండకూ వానకూ అలవాటు పడింది.

ఒంటరి చెట్టు

అదే తోటలో మరో అద్దాల ఇంట్లో ఒక చెట్టుంది. చూడటానికి ఈత చెట్టులా ఉంటుంది. 1895లో దక్షిణాఫ్రికా అడవిలో ఆ జాతి చెట్టు ఒక్కటే దొరికింది. అది మగది. మన పోతుతాటికి కాయలు కాయవు కదా, ఇదీ అంతే. దాని పిలకల్ని తెచ్చి నాటారు. క్యూ తోటకు 1899లో ఒకటి చేరింది. ఇవాళ అడవిలో ఆ జాతి లేదు. తోటల్లో ఉన్నవన్నీ మగవే. ఆడ చెట్టు కోసం ఎంతో వెతికారు. దొరకలేదు. అద్దాల ఇల్లు చెట్టును బతికించింది. కానీ దానికి జోడును తేలేకపోయింది.

ఇలాంటి చెట్టే ఒకటి మన శేషాచలం కొండల్లో ఉంది. ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా పెరగదు. అడవిలో మంటలు రేగుతున్నాయి. మందుల కోసం కోసుకుపోతున్నారు. అందుకే అది తగ్గిపోతోంది. కానీ అక్కడ ఇంకా ఆడ చెట్లూ ఉన్నాయి, మగ చెట్లూ ఉన్నాయి. వాటికి అద్దాల ఇల్లు అక్కర్లేదు. కొండ మిగిలితే చాలు.

మాట్లాడుకోండి: మీ చిన్నప్పుడు మీ ఊళ్ళో ఉండి ఇప్పుడు కనబడని చెట్లు ఏవి? అవి ఎందుకు పోయాయి?