డబ్బులు వెళ్లాయా... వెళ్లలేదా?

ఫోన్‌ తెరమీద గుండ్రంగా తిరిగే చక్రం, దాని కింద ఓ చిన్న మాట. ఆ మాట ఎప్పుడు కనిపించాలి, ఎప్పుడు అక్కర్లేదు... దీని వెనక పెద్ద లెక్కే ఉంది!

వేటపాలెం అనగానే జీడిపప్పు గుర్తొస్తుంది. అక్కడి దుకాణంలో కిలో పప్పు తూకం వేయించుకుని, క్యూఆర్‌ కోడ్‌ స్కాన్‌ చేసి పిన్‌ కొట్టారనుకోండి. చక్రం తిరుగుతోంది... తిరుగుతూనే ఉంది. ఖాతాలో డబ్బు తగ్గినట్టు బ్యాంకు మెసేజ్‌ వచ్చేసింది. దుకాణదారుకేమో అందలేదు. ఆగాలా, మళ్లీ కొట్టాలా? ఇద్దరూ చెప్పేది నిజమే. తేల్చి చెప్పాల్సింది ఫోనే!

పది సెకన్లు దాటితే...

కంప్యూటర్‌ ఎంతసేపు మౌనంగా ఉంటే మనిషి ఓపిక నశిస్తుంది? 1968లోనే రాబర్ట్‌ మిల్లర్‌ దీనిమీద దృష్టి పెట్టాడు. 1993లో జేకబ్‌ నీల్సన్‌ తన పుస్తకంలో మూడు హద్దులు చెప్పాడు. సెకనులో పదో వంతులో పనైపోతే ఏమీ చెప్పక్కర్లేదు. సెకను వరకూ ఆలస్యం తెలుస్తుంది కానీ ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మాత్రం మనసు వేరే పనిమీదికి మళ్లుతుంది. అప్పుడు పని ఎంతవరకూ వచ్చిందో చూపించాల్సిందే. అలా ఎంత శాతం పూర్తయిందో చూపిస్తేనే జనం ఇష్టపడతారని 1985లో బ్రాడ్‌ మైయర్స్‌ పరిశోధనలోనూ తేలింది.

తొందరపడితే నష్టమే

డబ్బు విషయంలో త్వరగా చెప్పడం ఒక్కటే చాలదు. 2016లో మొదలైన యూపీఐలో మీ ఆదేశం ముందు మీ బ్యాంకుకి, ఆపైన దుకాణదారు బ్యాంకుకి వెళ్లి, జవాబు తిరిగి మీ ఫోన్‌కి రావాలి. మధ్యలో ఎక్కడ ఆగినా యాప్‌కి కూడా సంగతి తెలీదు. అప్పుడు 'విఫలమైంది' అంటే కొన్నవాళ్లు రెండోసారి కడతారు. 'పూర్తయింది' అంటే అమ్మినవాళ్లు నష్టపోతారు. అందుకే 'పెండింగ్‌' అన్న మాటే అక్కడ నిజాయతీ. దానితోపాటే 'మళ్లీ కట్టకండి' అని కూడా చెబితే సగం గొడవ తీరినట్టే.

దుకాణదారుకి ఫోన్‌ చూసే తీరిక ఉండదు. ఓ చేత్తో తూకం, మరో చేత్తో పొట్లం. అందుకే డబ్బు అందిందన్న కబురు సౌండ్‌బాక్స్‌ మాటగా వినిపిస్తుంది. ఎప్పుడన్నదే కాదు, ఎలా అన్నదీ ముఖ్యమే మరి.

అలాగని ప్రతిదానికీ మోగితే? వేటపాలెంలోనే 1918లో వెలసిన సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయంలో నిశ్శబ్దం ఎంత అవసరమో, ఫోన్‌లోనూ అంతే. పనికిరాని కబుర్లు పెరిగితే అసలు కబురు చెవికెక్కదు.

మీరేం చేయాలి?

చక్రం ఆగకపోతే వెంటనే మళ్లీ కొట్టకండి. ముందు యాప్‌లో పాత చెల్లింపుల జాబితా చూడండి, రిఫరెన్స్‌ నంబరు రాసుకోండి. డబ్బు మీ ఖాతాలో తగ్గి దుకాణదారుకి చేరినట్టు ఖరారు కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలన్నది 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన. అది దాటితే రోజుకి రూ.100 పరిహారం. ఈ ముక్క కూడా ఆ చక్రం కిందే రాస్తే... కట్టినవాళ్లు కాస్త నిబ్బరంగా ఉంటారు!