పూడి స్టేషనులో నిలువని బండి

గడచిన మామిడికోతల దినములలో నొక యుదయమున వడమాలపేట రైతులు కొందరితో మేము పూడి స్టేషనులో ప్యాసింజరు కొరకు వేచియుంటిమి. గంపలలో పచ్చిమిరపయు, కొంత నీలము మామిడియు నుండెను. అంతలో వందేభారతు బండి రేణిగుంట వైపు దూసికొనిపోయెను. "అయ్యా, ఈ బండిలో మన గంప ఎక్కునా?" అని యొక ముసలిరైతు మమ్మడిగెను. ఆనాడు నవ్వి యూరకుంటిమి. అది తగిన ప్రత్యుత్తరము కాదు.

ఆ బండి 2023 సెప్టెంబరు 24వ తేదీన చెన్నపట్టణమునుండి విజయవాడకు ఆరంభమయినది. మన ప్రక్క రేణిగుంటలో మాత్రమే నిలుచును. అందున్నవి కూర్చుండి పోవు ఏ.సీ. పెట్టెలు, గంపకు తావు లేదు. దానిని మేము నిందింపము; దూరపు వైద్యమునకో వ్యాజ్యమునకో పోవువారికి మేలే. కాని రైతునకు బండి వేగముకంటె బండి నిలుచుట ముఖ్యము.

ఈ దారి పాతది. అరక్కోణమునుండి రేణిగుంటకు 1862లోనే పట్టాలు వచ్చినవి. 1871లో రాయచూరు చేరి బొంబాయి మార్గముతో కలిసినవి. అప్పుడు పుత్తూరు, నగరి, తిరుత్తణి యన్నియు నొక్క మదరాసు రాజధానిలోనివే. 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి మనజిల్లానుండి విడిపోయి మదరాసు రాష్ట్రమున చేరెను. రాష్ట్రములు వేరయ్యెను గాని రాకపోకలు వేరు కాలేదు. ఎముక విరిగినవారు నేటికిని అరవదేశమునుండి పుత్తూరు కట్టునకు వచ్చుచునేయున్నారు.

ఇందొక చిక్కు కలదు. పుత్తూరు స్టేషను ఆంధ్రదేశముననే యున్నను దక్షిణ రైల్వేవారి చెన్నపట్టణపు డివిజనులోనిది. మేమొకసారి తెలియక అర్జీని గుంతకల్లునకు పంపి రెండు మాసములు పోగొట్టుకొంటిమి. బండి నిలుపుటను గూర్చి వ్రాయువారు విలాసము ముందుగా విచారించుకొనవలెను.

2020 మార్చిలో మహమ్మారి కారణమున బండ్లాగిపోయినవి. మరల నడచినప్పుడు ప్యాసింజరులకు ఎక్స్‌ప్రెసు ఛార్జీ కట్టి, 10 రూపాయల కనీసపు టిక్కెట్టును 30 చేసిరి. 2024 ఫిబ్రవరిలో తిరిగి 10కి దించిరి. ఆ నడిమి కాలమున రానుపోను 60 రూపాయలు! ఒక గంప మల్లెలపై మిగులు లాభమెంతో, అందు టిక్కెట్టునకే పోయినదెంతో మన ఆడవారికి బాగుగా తెలియును.

తోతాపురి కాయను గుజ్జు కర్మాగారములకు చేర్చుటకు లారీయే తగును. చిన్న సరకునకు మాత్రము ప్యాసింజరే యాధారము. రెండవ తరగతి టిక్కెట్టుపై 35 కిలోల సామాను ఉచితము; అయితే అది సొంత సామానునకే గాని అమ్మకపు సరకునకు కాదని తనిఖీవారు పట్టుబట్టవచ్చును. కావున గంపలు కట్టు నలుగురైదుగురు సభ్యులు ఒక్కటిగా సరకు తూచి, పార్సెలు ఆఫీసున్న స్టేషనులో చీటీ వ్రాయించుకొనుడు. త్రాసును వేకువనే తీసియుంచుటకు మన సంఘపు కార్యదర్శిగారు ఒప్పుకొనినారు.