గొడుగు కింద చూడండి

వాన పడ్డ మర్నాడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పుట్టల దగ్గర తెల్లటి గొడుగులు లేస్తాయి. వాటిని చూసి చాలామంది నిలబడే, పైనుంచి ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. గుట్టల మీద సన్నటి మొదలుతో గొడుగులా నిలిచిన గుండ్లనూ అలాగే దూరం నుంచి తీస్తారు. రెండింటి కథా కిందే ఉంటుంది. అక్కడ చూడకపోవడం వల్లే ఇన్ని అపోహలు.

అపోహ: ఉరుముకు పుట్టగొడుగులు పుడతాయి.

వాస్తవం: పుట్టగొడుగు శిలీంధ్రానికి కాసిన కాయ లాంటిది. శిలీంధ్రం అసలు ఒళ్లు నేల లోపల నూలుపోగుల్లా అల్లుకుని ఉంటుంది. పుట్టల మీద లేచే టెర్మిటోమైసిస్ జాతినైతే చెదపురుగులే సాగు చేస్తాయి. నమిలిన పుల్లలు, ఆకులతో పుట్ట లోపల తేనెపట్టు లాంటి ముద్దలు కట్టి, వాటి మీద దాన్ని పెంచుతాయి. వాన తడి దిగాక ఆ ముద్ద నుంచే పొడవాటి కాడ మట్టిని చీల్చుకుని పైకి వస్తుంది. ముందే సిద్ధమైన మొగ్గ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది కాబట్టి రాత్రికి రాత్రే మొలిచినట్టు కనిపిస్తుంది. ఉరుము వానతో కలిసి వచ్చేదే తప్ప కారణం కాదు. పుట్టగొడుగు అన్న మాటలోనే దాని చిరునామా ఉంది.

అపోహ: ఫొటో చూపిస్తే తినేదో కాదో ఫోన్ యాప్ చెప్పేస్తుంది.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. గడ్డి నేలల్లో, పచ్చిక బయళ్లలో క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే రకం లేస్తుంది. పైకి తెల్లగా, గోధుమరంగు పెచ్చులతో తినాలనిపించేలా ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు గొడుగు కింది రేకులూ తెల్లగానే ఉంటాయి, ముదిరాక ఆకుపచ్చకు తిరుగుతాయి. తింటే కొన్ని గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పైనుంచి తీసిన ఫొటోలో ఆ పచ్చదనం కనిపించదు. గొడుగును తెల్లకాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి పచ్చటి ముద్ర పడుతుంది. ఆ ముద్ర మంచి ఫొటో అవుతుంది. అయినా ముద్ర చూసి వంటకు సిద్ధపడకండి.

వెండి నల్లబడలేదనో, పురుగులు తిన్నాయనో నమ్మడానికీ లేదు. అమానిటా జాతిలో కొన్నిటి విషం ఉడికించినా పోదు. లక్షణాలు ఆరు నుంచి పన్నెండు గంటలకో, ఇంకా ఆలస్యంగానో మొదలవుతాయి. మధ్యలో తగ్గినట్టే ఉండి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మిగిలిన ముక్కలనూ, తీసిన ఫొటోలనూ వెంట తీసుకెళ్లండి.

అపోహ: కుక్కగొడుగును ముట్టుకుంటేనే విషం ఎక్కుతుంది.

వాస్తవం: ప్రమాదం తినడంలో ఉంది. తాకితే చేతులు కడుక్కుంటే చాలు.

అపోహ: మంచి ఫొటోకు ఖరీదైన కెమెరా ఉండాలి, గొడుగును పెరికి వెలుతురులో పెట్టాలి.

వాస్తవం: పొద్దున్నే వెళ్లి బోర్లా పడుకోండి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నేలకు ఆనుతుంది. ఫ్లాష్ వేయకండి. గొడుగు కింద తెల్లకాగితం పరిస్తే వెలుతురు రేకుల మీదికి చిమ్ముతుంది. కాడ మొదలు, చుట్టూ ఉన్న మట్టి ఫ్రేములో ఉండాలి. పెరికేస్తే అది ఎక్కడ మొలిచిందో చెప్పే సాక్ష్యం పోతుంది.

అపోహ: గొడుగు గుండ్లను గాలి చెక్కింది, లేదా ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చారు.

వాస్తవం: మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్‌లో గాలి బండ మీద నిలబడితే గాలే చెక్కి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇసుకను మోసే గాలి ఎడారుల్లో ఆ పని కొంత చేస్తుంది. మన గ్రానైట్‌ను ఎక్కువగా తినేది నేలలోని తడి. ఒకప్పుడు మట్టిలో పూడి ఉన్న భాగం ఎప్పుడూ తేమగా ఉండి గుల్లబారి మెత్తబడింది. పైభాగం వానకు తడిసినా వెంటనే ఆరిపోయి గట్టిగా నిలిచింది. తర్వాత వానలు మట్టిని కడిగేస్తే సన్నటి మొదలు బయటపడింది. గుండు మీద గుండుగా కనిపించేవి కూడా చాలావరకు నెర్రెలిచ్చిన ఒకే బండలోని ముక్కలు. గుండు మొదలు దగ్గర చెయ్యి పెట్టి తడిమితే గరుకు రవ్వ రాలుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇలాంటి రాయికి మష్రూమ్ రాక్ అనే పేరే స్థిరపడింది.

గుండును ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో తీయండి, ఆ సన్నటి మొదలు తేటగా పడుతుంది. పక్కన ఒక మనిషి నిలబడితే ఎత్తు తెలుస్తుంది. దాని నీడలో మాత్రం వంటకు మంట పెట్టకండి, పేర్లు చెక్కకండి. వేడికి గ్రానైట్ పెచ్చులూడుతుంది.