మేటి గుఱ్ఱముల పరాజయభూమి

న్యూయార్కు రాష్ట్రమందలి సారటోగాలో వేసవి గుఱ్ఱపు పందెములు 1863లో ఆరంభమైనవి. మేటి గుఱ్ఱములకు అది శ్మశానమని పేరు. 1930లో గాలంట్ ఫాక్స్, 1973లో సెక్రటేరియట్ అచటనే భంగపడినవి.

1919 ఆగష్టులో మేనోవార్‌ను అప్‌సెట్ ఓడించెను. మేనోవార్ మోసిన బరువు 130 పౌండ్లు. అప్‌సెట్ మోసినది 115. ఆరంభమున వెనుకబడి, నడుమ దారి దొరకక, తుదిదాక తఱుముకొని వచ్చినను మేనోవార్‌కు గెలుపు దక్కలేదు. పరుగెత్తిన 21 పందెములలో దానికి అదియొక్కటే ఓటమి.

పందెము కాచినవాడు ఆనాటి సొమ్ము లెక్కించుకొని వెడలిపోవును. అభిమాని మఱుసటి వేసవికై వేచియుండును. 1920లో అదే నేలపై, ట్రావర్స్ పందెమున, మేనోవార్ ముందు నిలిచెను, అప్‌సెట్ రెండవదయ్యెను. ఓటమి ఒక దినపు లెక్క. గుఱ్ఱపు విలువను తేల్చునది దాని తరువాతి పరుగు.