సులభ వాచకం ఎవరికి సులభం?

ఇంగ్లీషు నేర్చుకోదలచిన తెలుగు పాఠకుడి చేతికి మొదట వచ్చేది మూలగ్రంథం కాదు, దాని సంక్షేపం. మన బడుల్లో దీన్ని తరతరాలుగా ‘నాన్ డిటెయిల్డ్’ అంటున్నాం. డికెన్స్, స్టీవెన్సన్, షేక్‌స్పియర్ అందరూ నూరు పేజీలకు కుదించుకుని, కష్టమైన మాటలన్నీ ఇంటిదగ్గర వదిలి, మన ముందుకు వస్తారు. తెలుగు ఎం.ఏ. చదివి, హైస్కూల్లో తెలుగు చెప్పుకుంటూ, ముప్పై దాటిన తర్వాత ఇంగ్లీషును గట్టిగా పట్టుకున్నవాణ్ణి కనుక ఇట్లాంటి పుస్తకాలు చాలానే చదివాను. ఇప్పటికీ చదువుతున్నాను. వాటివల్ల నాకు కొంత ఇంగ్లీషు వచ్చింది. దానితోపాటు, ‘సరళత’ అని మనం రచయితల సభల్లో ఇంత తేలిగ్గా వాడే మాట మీద అనుమానమూ వచ్చింది. ఆ అనుమానం ఏమిటో వివరించడమే ఈ వ్యాసం పని.

ఈ పుస్తకాల పుట్టుకకు మన దేశంతో సంబంధం ఉంది. బ్రిటిష్ పాలనలో ఢాకాలో విద్యాశాఖాధికారిగా పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలు బడులను పరిశీలించి 1926లో ఒక గ్రంథం వెలువరించాడు. పిల్లల్లో ఎక్కువమంది చదువు మధ్యలోనే మానేస్తున్నారు. మానేసిన రోజున వాళ్ల చేతిలో ఏం మిగులుతుంది అన్నది అతని ప్రశ్న. బీమా పాలసీని మధ్యలో వదులుకుంటే దక్కే మొత్తాన్ని ‘సరెండర్ వాల్యూ’ అంటారే, చదువుకు ఆ మాటనే అన్వయించాడు. మాట్లాడటం కంటె ముందు చదవటం నేర్పితే మధ్యలో మానేసినవాడికీ ఏదో ఒకటి దక్కుతుందని అతని వాదం. అందుకోసం కొత్త మాటల్ని కొద్దికొద్దిగా ప్రవేశపెడుతూ, వచ్చిన మాటనే మళ్లీ మళ్లీ తెస్తూ వాచకాలు తయారుచేశాడు. సుమారు 2,000 మాటలతో అతను కూర్చిన పట్టిక 1953లో అచ్చయింది. అంతకుముందే, 1930లో, సి.కె. ఆగ్డెన్ 850 మాటలు చాలునన్నాడు. 1943లో చర్చిల్ అంతటివాడు దాన్ని సమర్థించాడంటే అది కేవలం పంతుళ్ల వ్యవహారం కాదని తెలుస్తూనే ఉంది.

వెస్ట్ ప్రశ్న గొప్పది. ఇంగ్లీషు మాధ్యమం ప్రభుత్వ బడుల్లోకి వచ్చిన ఈ రోజుల్లో అది మనకు మరింత సూటిగా తగులుతుంది. పరిశీలించవలసింది జవాబునే. ఏ మాట సులభం, ఏది కష్టం అని తేల్చిందెవరు? లెక్క తేల్చింది. 1921లో అమెరికాలో థార్న్‌డైక్ 10,000 మాటల జాబితా వేసినా, తర్వాతివారు సవరించినా, ప్రధానమైన కొలబద్ద ఒకటే: అచ్చులో ఏ మాట ఎన్నిసార్లు కనబడింది? అచ్చులో ఎక్కువగా కనబడేది అచ్చు వేయించుకోగలిగినవాళ్ల జీవితం. ఈ సంగతి నాకు హెమింగ్వే దగ్గర బోధపడింది.

‘ది ఓల్డ్ మాన్ అండ్ ద సీ’ (1952) ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు అందరూ సిఫారసు చేసే పుస్తకం. వాక్యాలు చిన్నవి, మొత్తం 27 వేల మాటలకు అటూ ఇటూ. వ్యాకరణం ఎక్కడా అడ్డు తగలదు. కాని మొదటి పుటల్లోనే స్కిఫ్, గాఫ్, హార్పూన్ అడ్డుపడ్డాయి. స్కిఫ్ చిన్న పడవ. గాఫ్ పెద్ద చేపను పడవలోకి లాగే కొక్కెపు కర్ర. హార్పూన్ చేపను పొడిచే ఈటె. ఇంకాస్త ముందుకు పోతే తెడ్డును నిలిపి ఉంచే మేకుకు కూడా ఒక పేరుంది. నేను నిఘంటువు తిప్పుతూ కూర్చున్నాను. ఉప్పాడలోనో భీమిలిలోనో వేటకు పోయే జాలరికి ఇవన్నీ తెలిసిన పనిముట్లు, వాటికి అతని మాటలు అతనికున్నాయి. పుస్తకం అతనికి కష్టమైతే లిపి వల్ల కావాలి, భాష వల్ల కావాలి. వస్తువు వల్ల కాదు. నాకు సరిగ్గా తలకిందులు. ముసలివాడు శాంటియాగో చేతిని దారం కోసుకుపోయే ఘట్టాల్లో వాక్యం అంత తేటగా ఉండటానికి కారణం రచయిత తేలిక మాటలు ఏరుకోవడం కాదు. ఏ వస్తువును ఏమంటారో అతనికి తెలుసు, ఆ పేరుతోనే పిలిచాడు. పేరు తెలియనివాడే విశేషణాలు పేరుస్తాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశాన్ని మన కథకుల్లో ఎంతమంది తిరగేశారో గాని, ‘ప్రజల భాష’ గురించి ఉపన్యాసాలకు మాత్రం కొదవ లేదు.

ఇక సంక్షేపాల సంగతి. 1807లో చార్లెస్, మేరీ లాంబ్ అక్కాతమ్ముళ్లు షేక్‌స్పియర్ నాటకాల్ని పిల్లలకు కథలుగా రాశారు. 20 కథల్లో 14 మేరీవే అయినా మొదటి ముద్రణ మీద తమ్ముడి పేరొక్కటే ఉంది. లియర్ కథలో గ్లోస్టర్ కుటుంబం దాదాపు మాయమయింది. తుపాను రాత్రి గుడిసెలో కనబడే పిచ్చి బిచ్చగాడు నాటకంలో వేషం మార్చుకున్న ప్రభువు కొడుకు. సంక్షేపంలో ఒట్టి బిచ్చగాడే. కథ సాఫీగా నడవటానికి ఆ మాత్రం కోత తప్పదంటారు, ఒప్పుకుంటాను. డికెన్స్‌కు జరిగేదాన్ని మాత్రం ఒప్పుకోలేను. ‘ఆలివర్ ట్విస్ట్’ 1837లో ధారావాహికగా మొదలయింది. దాని వెనక 1834 నాటి కొత్త పేదల చట్టం ఉంది. అనాథాశ్రమం పెద్దల్ని డికెన్స్ తిట్టడు. వాళ్ల వివేకాన్ని వాళ్ల భాషలోనే మెచ్చుకుంటూ పోతాడు, ఆ మెప్పుకోలులోనే వాళ్ల పరువు తీస్తాడు. నేను చదివిన సంక్షేపంలో కుర్రవాడికి ఆకలేసింది, ఇంకొంచెం పెట్టమన్నాడు, పెద్దలకు కోపం వచ్చింది. అంతే. చట్టం పోయింది, వ్యంగ్యం పోయింది, ఆకలి ఒక్కటీ ఏ కారణమూ లేకుండా మిగిలింది. గిరీశం నోట్లోంచి ఇంగ్లీషు ముక్కలన్నీ ఏరి పారేసి ‘కన్యాశుల్కం’ కథ చెబితే ఏమవుతుందో ఊహించుకోండి.

మూలంలోనే సరళంగా ఉన్న పుస్తకం వేరు. ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ (1945) పేరెత్తితే మన మిత్రుల్లో కొందరికి గిట్టదు. ప్రచ్ఛన్నయుద్ధంలో దాన్ని ఎవరు ఎందుకు వాడుకున్నారో నాకూ తెలుసు. ఆ చర్చను పక్కన పెట్టి భాష నేర్చుకునేవాడి కళ్లతో చూస్తే అది చదవటం నేర్చుకోవడం గురించిన పుస్తకం. గుర్రం బాక్సర్‌కు నాలుగో అక్షరం దాటి రాదు. క్లోవర్‌కు అక్షరాలన్నీ వచ్చు, కూడబలుక్కుని చదవటం రాదు. గోడ మీది శాసనం మారిందేమోనని అనుమానం వస్తే మేకను పిలిచి చదివించుకుంటుంది.

ఆ శాసనాలు మారే పద్ధతి తెలుగువాడికి మరీ ఆసక్తికరం. మంచం మీద పడుకోరాదన్నదానికి దుప్పట్ల షరతు, తాగరాదన్నదానికి మితిమీరటం షరతు, చంపరాదన్నదానికి కారణం షరతు వచ్చి చేరతాయి. ఇంగ్లీషులో ఇవన్నీ వాక్యం చివర తోకల్లా అంటుకుంటాయి. పాత వాక్యంలో ఒక్క అక్షరం చెరపనక్కర్లేదు, పక్కన రెండు మాటలు రాస్తే చాలు. తెలుగులో ఇది కుదరదు. ‘కారణం లేకుండా’ అన్నది ‘చంపరాదు’కు ముందు రావాలి. నిషేధం మన వాక్యంలో చివరిమాట, దాని తర్వాత చోటు లేదు. తెలుగు పందులైతే గోడ గీకి మళ్లీ రాయవలసి వచ్చేది. మన ప్రభుత్వ ఉత్తర్వుల్లో ‘మినహా’, ‘తప్ప’ అన్నవి వాక్యం నడుమ ఎక్కడో నక్కి ఉండటానికి ఇదే కారణమనుకుంటాను. మోసం ఎక్కడ దాక్కుంటుందో ఒక్కో భాషలో ఒక్కో రకం. దీన్ని పట్టుకోవటానికి నాకు పెద్ద నిఘంటువు అవసరం రాలేదు. పుస్తకంలోని మాటల్లో ఎక్కువ భాగం వెస్ట్ పట్టికలో దొరికేవే. ఆలోచన మాత్రం ఏ పట్టికకూ తగ్గించి రాసింది కాదు.

సంక్షేపం పాఠకుణ్ణి తక్కువవాడిగా లెక్కకట్టి మొదలవుతుంది. అట్లా లెక్కకట్టని సులభ వాచకాలు తెలుగులోనూ వచ్చాయి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో, కొత్తగా అక్షరాలు దిద్దిన ఆడవాళ్లకు ఇచ్చిన వాచకాల్లో సారా గురించి పాఠాలుండేవి. అవి ఏ పెద్ద గ్రంథానికీ కుదింపు కావు. మొగుడి కూలిడబ్బులు ఎక్కడికి పోతున్నాయో చదువరికి ముందే తెలుసు. పాఠం దాన్ని చర్చకు పెట్టింది. దూబగుంట ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించారు. 1992లో ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. దూబగుంట సంగతి తర్వాతి వాచకంలో పాఠమయింది. మిగతా ఊళ్ల ఆడవాళ్లు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది తమ పొరుగూరి కథ.