మీకు తెలుసా? ముక్కు మీద జిడ్డు, బుగ్గ మీద పొట్టు

పొద్దున శుభ్రంగా కడుక్కున్న ముఖమే. మధ్యాహ్నానికి ముక్కు, నుదురు నూనె రాసినట్టు మెరుస్తాయి, బుగ్గలు మాత్రం బిగుసుకుపోయి పొట్టు రేగుతాయి. దీన్నే కాంబినేషన్ స్కిన్ అంటున్నారు. ఇది జబ్బేమీ కాదు.

• అరచేతుల్లో, అరికాళ్లలో నూనె గ్రంథి ఒక్కటి కూడా ఉండదు. ముఖం మీద, మాడు మీద మాత్రం చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా ఉంటాయి. ముఖంలోనూ నుదురు, ముక్కు, గడ్డం ఉన్న ‘టీ జోన్’దే పెద్ద వాటా. ఆ లెక్కన అందరి ముఖమూ ఎంతోకొంత మిశ్రమమే. కొందరిలో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అంతే.

• ఈ నూనె చెమటలా ఊరదు. గ్రంథిలోని కణాలు కొవ్వు నింపుకుని ఉబ్బి, పగిలి, తామే నూనెగా మారి బయటికొస్తాయి. ఆ నూనె పేరు సెబమ్. గొర్రె ఉన్నికి పట్టి ఉండే ఇలాంటి జిడ్డునే శుద్ధి చేసి లానొలిన్‌గా అమ్ముతారు. మన ముక్కు మీది జిడ్డును తుడిచేసి, పెదవులకు గొర్రె జిడ్డు కొని రాసుకుంటాం!

• చర్మాన్ని పొడి, సాధారణ, జిడ్డు అని విడదీసి క్రీములు అమ్మే పద్ధతికి ప్రచారం తెచ్చినవారిలో ముఖ్యురాలు హెలెనా రూబిన్‌స్టీన్. పోలండ్‌లో పుట్టి, ఆస్ట్రేలియాలో వ్యాపారం మొదలుపెట్టారు. ఆమె తొలి క్రీములో ముఖ్య సరుకు లానొలిన్. సుమారు వంద సంవత్సరాల తర్వాత అమెరికా చర్మవైద్యురాలు లెస్లీ బామన్ ఆ వర్గాలను ఏకంగా 16 చేశారు. విచిత్రమేమంటే, ఆ పదహారింటిలో కాంబినేషన్ అనే రకం విడిగా లేదు.

• చర్మపు వేడి ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే సెబమ్ సుమారు 10 శాతం ఎక్కువగా వస్తుందని 1970లో బ్రిటన్ పరిశోధకులు కొలిచి చెప్పారు. మే నెల ఎండల్లో రెంటచింతలలోనో రామగుండంలోనో తిరిగే వాళ్ల ముక్కు డిసెంబరులో ఉన్నట్టు ఎందుకుంటుంది? అదే మనిషి రోజంతా ఏసీ గదిలో కూర్చుంటే పొడిగాలి బుగ్గల్లోని తేమను లాగేస్తుంది. ఏడాది పొడుగునా ఒకే క్రీము వాడమనే సలహాను నేనైతే నమ్మను.

• ‘ఎక్కువసార్లు కడిగితే గ్రంథులు పంతం పట్టి ఇంకా నూనె వదులుతాయి’ అని చాలామంది నమ్ముతారు. ఈ వాదాన్ని క్లిగ్‌మన్, షెల్లీ అనే అమెరికా వైద్యులు 1958లోనే తోసిపుచ్చారు. గ్రంథి వినేది ప్రధానంగా హార్మోన్ల మాట. పైన తుడిచిన సంగతి దానికి తెలియదు. అలాగని పదేపదే కడగమని కాదు, ఆ దెబ్బ బుగ్గలకు తగులుతుంది. చర్మపు పీహెచ్ సుమారు 5, మామూలు సబ్బుది 9 నుంచి 10. నిమ్మరసానిది 2 దగ్గర. సబ్బు, నిమ్మచెక్క రెండూ ముఖానికి దూరంగా ఉంటేనే మేలు.

• ఆవిరి పడితే చర్మరంధ్రాలు తెరుచుకోవు, చన్నీళ్లు చల్లితే మూసుకోవు. తెరిచి మూసే కండరమే వాటికి లేదు. ముక్కు మీద చుక్కల్లా కనిపించేవన్నీ బ్లాక్‌హెడ్స్ కావు. వాటిలో చాలావరకు నూనెను పైకి చేర్చే సన్నని పోగులు. పట్టీ అంటించి పీకేస్తే నెల తిరక్కుండానే మళ్లీ నిండుతాయి.

• నలుగు పెట్టే తీరులో మంచి రసాయనశాస్త్రం ఉంది. ముందు ఒంటికి నూనె పట్టిస్తారు, ఆ తర్వాతే సున్నిపిండి. నూనెలో నూనె కరుగుతుంది, దాన్ని పిండి పీల్చుకుని రాలిపోతుంది. ముందు నూనెతో, తర్వాత ఫేస్‌వాష్‌తో ముఖం కడిగే ‘డబుల్ క్లెన్సింగ్’ కూడా ఈ దారిదే. కాకపోతే బరకగా పట్టించిన పిండిని పొడిబారిన బుగ్గల మీద రుద్దితే గీరుకుపోతుంది.

• మరి రోజూ ఏం చేయాలి? పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఘాటులేని ఫేస్‌వాష్‌తో రెండు పూటలా కడిగి, తడి పూర్తిగా ఆరకముందే బుగ్గలకు క్రీము, టీ జోన్‌కు పలుచని జెల్ రాస్తే సరి. నూనెలో కరిగే సాలిసిలిక్ యాసిడ్ రంధ్రం లోపలి దాకా వెళ్తుంది కాబట్టి దాన్ని ముక్కు, నుదురు, గడ్డానికే పరిమితం చేయాలి. గర్భిణులు మాత్రం వైద్యులను అడిగాకే వాడాలి. పగటిపూట ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయాలి. ముఖానికి, మెడకు కలిపి చూపుడువేలు, నడిమి వేలు పొడుగునా పిండినంత కావాలి. చాలామంది అందులో సగం కూడా రాయరు.

• సెబమ్ వచ్చే తీరు జీవితాంతం ఒకేలా ఉండదు. పుట్టిన కొత్తలో తల్లి హార్మోన్ల ప్రభావంతో పాపాయికీ సెబమ్ బాగానే వస్తుంది. తర్వాత తగ్గిపోయి, యుక్తవయసులో మళ్లీ ఎగబాకుతుంది. ముట్లుడిగాక ఆడవాళ్లలో బాగా తగ్గుతుంది. మగవాళ్లకు ముసలితనం దాకా పెద్దగా తగ్గదు.

• ముక్కు పక్క మడతల్లో, కనుబొమల్లో ఒకేచోట జిడ్డు, ఎర్రదనం, పసుపురంగు పొట్టు కలిసి కనిపిస్తే అది కాంబినేషన్ స్కిన్ కాకపోవచ్చు. సెబోరిక్ డెర్మటైటిస్ అనే చర్మవ్యాధి అలాగే కనిపిస్తుంది. చర్మం మీద ఉండే మలసీజియా అనే ఈస్టుకు దాంతో సంబంధం ఉంది. మాయిశ్చరైజర్‌తో అది పోదు. చర్మవైద్యులు సాధారణంగా ఫంగస్‌ను అణిచే మందు రాస్తారు.